నామినీ ఉన్నాడుగా, వీలునామా ఎందుకు?

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. పలాసలో చిన్న జీడిపప్పు వ్యాపారం. నెలకు సగటున 55 వేలు వస్తుంది, ఇంటి ఖర్చు 35 వేలు. కాశీబుగ్గలో నేను కట్టుకున్న ఇల్లు ఉంది. నాన్నగారు పోయాక మందస దగ్గరి రెండెకరాల జీడితోటకు పాస్‌బుక్ నా పేరున అయింది. 4 లక్షల ఎఫ్‌డీ, 5 లక్షల ఎల్ఐసీ పాలసీ ఉన్నాయి. పెళ్లికి ముందు తీసుకున్నవి కాబట్టి రెండింటికీ తమ్ముడే నామినీ. భార్య, 15 ఏళ్ల పాప, 11 ఏళ్ల బాబు, అమ్మ నాతో ఉంటారు. చెల్లెలికి పెళ్లయింది. నామినీ ఉంటే వీలునామా అక్కర్లేదని మిత్రులు అంటున్నారు. ఇంటి పత్రాలు పెట్టి రెండు రూపాయల వడ్డీకి 6 లక్షలు తెచ్చి పై అంతస్తు వేయాలని ఉంది. సలహా ఇవ్వగలరు.

జవాబు: మీ మిత్రుల మాట తప్పు. పెళ్లయి పిల్లలు పుట్టినా పాత నామినీని అలాగే వదిలేసినవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టే మీ ఉత్తరం తీసుకున్నాను.

నామినీ డబ్బు అందుకుంటాడు, అంతమాత్రాన యజమాని కాడు. షేర్ల విషయంలో సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో మళ్లీ ఇదే తేల్చింది. బీమాలో భార్య, పిల్లలు, తల్లిదండ్రులు నామినీలైతే 2015 సవరణ ప్రకారం ఆ సొమ్ము వాళ్లదే. తమ్ముడు ఆ జాబితాలో లేడు. ఆయన ఎంత మంచివాడైనా, తన బ్యాంకు ఖాతాలో పడిన డబ్బును మీ ఆవిడ వెళ్లి అడిగే పరిస్థితి ఎందుకు తెస్తారు? ఈ వారమే రెండు చోట్లా ఆవిడ పేరు పెట్టించండి.

ఇక ఇల్లు. మీరు వీలునామా రాయకుండా పోతే భార్య, ఇద్దరు పిల్లలు, అమ్మగారు నలుగురికీ సమాన వాటాలు. పిల్లలు మైనర్లు కాబట్టి వాళ్ల వాటా అమ్మాలంటే కోర్టు అనుమతి కావాలి. అమ్మగారి తర్వాత ఆమె వాటాలో మీ తమ్ముడికీ చెల్లెలికీ హక్కు వస్తుంది. తెల్లకాగితం మీద రాసి, ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, వాళ్ల చేత సంతకాలు చేయిస్తే వీలునామా చెల్లుతుంది. స్టాంపు పేపరు అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా చేయించండి, రేపు వివాదం వస్తే పనికొస్తుంది. సాక్షులు మీకన్నా చిన్నవాళ్లు, ఆస్తిలో వాటా లేనివాళ్లు అయితే మేలు.

తోట సంగతి వేరు. పాస్‌బుక్ మీ పేరున ఉన్నంత మాత్రాన మొత్తం మీదైపోదు. నాన్నగారు వీలునామా రాయకపోతే అమ్మకు, తమ్ముడికి, చెల్లెలికి అందులో వాటాలున్నాయి. పెళ్లప్పుడు కట్నం ఇచ్చేశాం అంటే చెల్లెలి హక్కు పోదు. వీలునామాలో మీ వాటా వరకే రాయగలరు. ముందు అందరూ కూర్చుని పంపకాల దస్తావేజు రిజిస్టర్ చేయించుకోండి.

ఇంత చేసినా నన్ను కలవరపెట్టేది మరొకటి. వీలునామా ఎంత పక్కాగా ఉన్నా మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, బ్యాంకు కాగితాలు తేలేసరికి నెలలు పడుతుంది. ఆ నెలల్లో స్కూలు ఫీజు ఎవరు కడతారు? మీ ఉత్తరంలో అత్యవసర నిధి మాటే లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఉద్దానం జీడితోటల్ని ఏం చేసిందో మీకు నేను చెప్పక్కర్లేదు. సరుకే లేకపోతే వ్యాపారం ఎక్కడిది? ఆర్నెల్ల ఖర్చు, అంటే 2 లక్షల 10 వేలు, మీ ఎఫ్‌డీ నుంచి తీసి భార్యతో కలిసి ఉమ్మడి ఖాతాలో వేయండి. ఇద్దరిలో ఎవరైనా, ఒకరు లేకపోతే రెండోవారు తీసుకునేలా ఆ ఖాతా ఉండాలి. అందులో ఎఫ్‌డీగా వేస్తే, ఒకరు పోయాక మధ్యలో తీసుకోవడానికి ఇద్దరూ ఇప్పుడే సంతకాలు చేసి ఇవ్వండి. చాలామంది ఇది మర్చిపోతారు. ఏ బ్యాంకులో ఎంత ఉందో ఆవిడకు తెలుసా?

5 లక్షల బీమా మీ ఇంటి ఖర్చుకు పద్నాలుగు నెలలే వస్తుంది. కనీసం 75 లక్షల టర్మ్ పాలసీ, అంటే గడువులోపు మీరు పోతేనే ఇంటివాళ్లకు సొమ్మిచ్చే బీమా, తీసుకోండి. వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద, భార్యాపిల్లల పేరున తీసుకుంటే అప్పులవాళ్లు దాని జోలికి రాలేరు. ఆ విషయం పాలసీ తీసుకునేటప్పుడే చెప్పాలి. ఆరోగ్య బీమా లేకపోతే అదీ చూడండి. ట్రస్టులూ గిఫ్టు డీడులూ మీకు ఇప్పుడు అనవసరం.

ఇక ఆ రెండు రూపాయల వడ్డీ. 6 లక్షలకు నెలకు 12 వేలు, ఏడాదికి లక్షా 44 వేలు, అసలు అలాగే ఉంటుంది. ఇల్లు భార్యకని వీలునామాలో రాసి, ఇంటి పత్రాలు వడ్డీ వ్యాపారి బీరువాలో పెడితే ఆవిడకు మీరు ఇచ్చేది ఏమిటి? మీ తర్వాత ఆ అప్పు తీరాల్సింది మీ ఆస్తిలోంచే. ఈ ఆలోచన మానేయండి. పై అంతస్తు వేసి తీరాలంటే, టర్మ్ పాలసీ చేతికొచ్చాక బ్యాంకులో గృహరుణం అడగండి. బ్యాంకు కాదంటే, ఇల్లు ఇప్పటికి ఒక అంతస్తుతోనే ఉండనివ్వండి.