కోట గురించి రాసిన కూతురు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన ‘కిజ్‌కలేసిలో ఒక రోజు’ వ్యాసం రెండుసార్లు చదివాను. ఒక పక్క మధ్యధరా సముద్రాన్ని, మరో పక్క ఎర్దెమ్లి నిమ్మతోటలను చూస్తూ టర్కీలోని మెర్సిన్ నుంచి సుమారు 60 కిలోమీటర్లు మినీబస్సులో వెళ్లిన భాగం హాయిగా ఉంది. దాని జోలికి వెళ్లకు. చిక్కంతా కోట కనబడిన తరువాతే మొదలయింది.

కూతురు పాముకాటుతో చనిపోతుందని జోస్యం విన్న రాజు ఆమెను సముద్రం మధ్య కోటలో దాచాడని, ద్రాక్షపళ్ల బుట్టలో దూరిన పాము అక్కడికీ చేరిందని పడవవాడు చెప్పగానే నీకు పరీక్షిత్తు ఒంటిస్తంభపు మేడ, పండులో పురుగై వచ్చిన తక్షకుడు గుర్తుకు రావడం సహజమే. కానీ ఆ పోలికకు పేజీన్నర ఇచ్చావు. ఇదే కథను ఇస్తాంబుల్‌లో బాస్ఫరస్ నీళ్ల మధ్యనున్న కన్య బురుజుకూ చెబుతారు; రెండు గోడలకూ అతికే కథ వల్ల ఈ గోడ గురించి తెలిసేదేమీ లేదు. పోలికకు ఒక్క వాక్యం చాలు, పాఠకుడికి భారతం తెలుసు.

నీటి కోటకు ఎదురుగా ఒడ్డున ఉన్న రెండో కోటలో పాత కోరికోస్ నగరపు రాతిస్తంభాలను అడ్డంగా పడుకోబెట్టి గోడలో ఇమిడ్చారు, వాటి గుండ్రటి కొసలు బయటికి కనబడుతుంటాయి. నీ ఫొటోలలో అవి ఉన్నాయి, వ్యాసంలో లేవు. అంటియోక్ నగరాన్ని చేజిక్కించుకున్న క్రూసేడు నాయకుడు బోహెమండ్ ఈ రేవునూ ఆక్రమిస్తాడేమోనన్న భయంతో, శిథిలమై ఉన్న కోరికోస్‌ను తిరిగి కట్టించమని బైజాంటియన్ చక్రవర్తి మొదటి అలెక్సియోస్ తన నౌకాదళాధిపతి యుస్టాథియోస్‌ను పంపాడు. ఈ సంగతి మనకు చెప్పింది ఆ చక్రవర్తి కూతురే. 1083లో పుట్టిన అన్నా కొమ్నెనె తన తండ్రి పాలన గురించి చరిత్ర రాసింది. టర్కీ భాషలో కిజ్‌కలేసి అంటే ‘కన్య కోట’; అందులోని ‘కిజ్’ అంటే ఆడపిల్ల, కూతురు కూడా. పాము కరిచిన కూతురికి కథలో పేరు లేదు, తండ్రి కోట గురించి రాసిన కూతురి పేరు దాదాపు తొమ్మిది వందల ఏళ్లుగా నిలిచింది. ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి రాసి చూడు. అయితే అన్నా రాసింది కోరికోస్ గురించి, నీటి కోట గురించి కాదు. ఆ తేడాను మాత్రం కప్పిపుచ్చకు.

అర్మీనియన్ రాజులు, సైప్రస్ రాజు, 1448లో కరమాను తుర్కు పాలకులు అంటూ చేతులు మారిన వైనం ఒక్క వాక్యంలో తేల్చవచ్చు. ‘అత్యద్భుతం’ నాలుగు చోట్ల కనబడింది. నా తొలి యాత్రావ్యాసంలో నేనూ ఆ మాట వాడి, అచ్చులో చూసుకుని సిగ్గుపడ్డాను.

తిరుగు పడవ కోసం దీవి మీద చాలాసేపు ఎదురుచూశానని ఒక్క ముక్కలో ముగించావు. అంతసేపూ ఒడ్డు కోట నీకు ఎదురుగానే ఉండి ఉంటుంది కదా. అక్కడి నుంచి అది ఎలా కనబడిందో రాసి పంపు.