చిన్నదాన్ని ఎవరు ఎత్తుకుంటారు?

ప్రశ్న: మాది హన్మకొండ. బాబుకు ఐదేళ్లు, పాపకు రెండున్నర. దసరా సెలవుల్లో మా బావగారి కుటుంబంతో కలిసి హైదరాబాద్ వండర్‌లా అమ్యూజ్‌మెంట్ పార్కుకు ఒక్కరోజు పోయి రావాలని మావారు, బావగారు అనుకున్నారు. పొద్దున కారులో బయల్దేరి రాత్రికి ఇంటికి రావడం. వాళ్ల పిల్లలు పదకొండు, పదమూడేళ్ల వాళ్లు. ఇంత చిన్నపిల్లలతో అవుతుందా అని అడిగితే 'ప్రతిదానికీ అడ్డం పడతావ్' అంటున్నారు మావారు. మా యారాలేమో 'మా పిల్లలు ఈ వయసులోనే అన్నీ ఎక్కారు' అంటుంది. చిన్నదాన్ని నీళ్ల దగ్గరికి తీసుకుపోవద్దని అత్తమ్మ నాతో అంటుంది, కొడుకుల ముందు మాత్రం నోరు విప్పదు. మొన్న ఎండాకాలం ఒక ఎగ్జిబిషన్‌కు పోతే పాప ఏడుపు ఆపలేదు. మూడు గంటలు దాన్ని ఎత్తుకుని నేనే బయట నిలబడ్డాను. అది గుర్తొస్తేనే టెన్షన్. బాబుకేమో మావారు ముందే మాటిచ్చేశారు. ఇప్పుడు వద్దంటే నేనే చెడ్డదాన్నవుతాను. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, హన్మకొండ

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివానమ్మా. మొదటిసారి పార్కు సంగతి కనిపించింది. రెండోసారి చదివితే ఆ మూడు గంటలు కనిపించాయి. ఎగ్జిబిషన్ రోజు లోపల ఎవరు ఏమేం ఎక్కారో మీరు రాయలేదు. మీకు తెలిసి ఉండదు కూడా.

ముందు సూటిగా చెప్పేస్తాను. పాపను తీసుకుపోవద్దు. బాబు పోవచ్చు, కానీ ఇప్పుడు అన్నదమ్ములిద్దరూ వేసిన ప్లాన్ ప్రకారం కాదు.

ఈ మాట మీవారితో అనేముందు బాబును గోడకు ఆనించి నిలబెట్టి టేపుతో కొలవండి. ఇలాంటి పార్కుల్లో వయసు అడగరు, ఎత్తు చూస్తారు. టికెట్ కూడా ఎత్తును బట్టే ఉంటుంది. సీటు మీద పడి లాక్ అయ్యే కడ్డీ, బెల్టు ఒక సైజు ఒంటికి సరిపోయేలా తయారుచేస్తారు. అంతకన్నా చిన్న ఒళ్లయితే వాటి సందులోంచి జారిపోయే ప్రమాదం ఉంది. అందుకే గేటు దగ్గర అంత పట్టుదల. వండర్‌లాలో బాగా పెద్ద రైడ్లకు 140 సెంటీమీటర్లు ఉండాలి. ఐదేళ్ల పిల్లలు మామూలుగా 105, 110 దగ్గర ఉంటారు. మీ బావగారి పెద్దబ్బాయి ఆ గీత దాటి ఉండొచ్చు. పదకొండేళ్ల వాడినే కొన్నిటికి ఆపే అవకాశం ఉంది. అంటే అన్నలు ఎక్కేవాటిలో చాలావరకు మీవాడు కింద నిలబడి చూడాల్సినవే. వాడికి పిల్లల రైడ్లు వేరే ఉంటాయి, వాటితో వాడు సంతోషపడతాడు కూడా. కానీ నాన్న మాటిచ్చినప్పుడు వాడి బుర్రలో పడ్డ బొమ్మ అది కాదు కదా. అన్నలతో కలిసి అన్నీ ఎక్కడం!

యారాలు 'అన్నీ ఎక్కారు' అన్నదంటే అబద్ధమాడిందని నేననను. పిల్లలు పెద్దయ్యేసరికి ఏడ్చిన పూటలు మరిచిపోతాం, ఫోన్లో ఫొటోలు మిగులుతాయి. ఆ మాటకు ఎదురు మాట వద్దు. 'మీ పిల్లలు ధైర్యవంతులు అక్కా, మావాడు ఇంకా చిన్నోడు' అనేసి వదిలేయండి.

ఇక రోజు లెక్క. హన్మకొండ నుంచి జనగామ, ఆలేరు, భువనగిరి మీదుగా ఘట్‌కేసర్, అక్కడ ఔటర్ రింగురోడ్డు ఎక్కితే సిటీలోకి పోకుండానే రావిర్యాల దగ్గర దిగవచ్చు. దూరం 150 కిలోమీటర్ల పైనే. చాయ్‌కి ఒకచోట, పిల్లల కోసం ఒకచోట ఆపుకుంటూ పోతే మూడు గంటలు. గేట్లు తెరిచేది పదకొండు ప్రాంతంలో. సాయంత్రం దాకా ఉండి బయటపడితే ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిదిన్నర, పది. పాప మధ్యాహ్నం ఒంటిగంటకో రెండింటికో పడుకుంటుందనుకుందాం. ఆ వేళకు ఎక్కడ పడుకుంటుంది? మీ భుజం మీద. అక్టోబరు ఎండైనా మిట్టమధ్యాహ్నం తక్కువేమీ కాదు, మబ్బు పట్టిందంటే వాన. ఏదైనా ఆ భుజం మీదే.

నీళ్ల రైడ్ల సంగతి మీ ఇంట్లో ఎవరూ ఆలోచించినట్టు లేరు. నూలు బట్టలతో అందులోకి దిగనివ్వరు, నైలాన్ డ్రెస్ కావాలి. మిగతావాళ్లు బట్టలు మార్చుకుని దిగుతారు. పాపను ఎత్తుకున్నవాళ్లు గట్టు మీద ఉంటారు. కాసేపటికి వాళ్ల చేతికి లాకర్ తాళం వస్తుంది. తర్వాత రెండు ఫోన్లు, ఒక కళ్లజోడు, తడి టవళ్లు, 'ఇది కాస్త పట్టుకో' అని ఒక సగం తాగిన నీళ్ల సీసా. పాప ఒక చంకలో, సామాను ఇంకో చేతిలో. ఇది చూడ్డానికి నేను మీ వెంట రానక్కర్లేదు, ఏ పార్కులో చూసినా ఇలాంటి ఆడవాళ్లు ఒక వరుస కనిపిస్తారు.

అత్తమ్మ భయాన్ని చాదస్తం అనుకోకండి. రెండున్నరేళ్ల పిల్లకు ఒంటితో పోలిస్తే తల బరువు. మోకాలి లోతు నీళ్లలో ముందుకు పడినా మళ్లీ లేవలేదు. అరవదు కూడా. మునిగే పిల్ల చప్పుడు చేస్తుందని మనం అనుకుంటాం, చాలాసార్లు చప్పుడే ఉండదు. గట్టు మీద విజిల్ పట్టుకున్న మనిషి ఉన్నా, ఆ వయసు పిల్ల మన చేతికి అందేంత దగ్గరలో ఉండాల్సిందే. అన్ని గంటలు ఒక మనిషి వేరే పనేం పెట్టుకోకుండా దాన్నే చూడాలి. ఆ మనిషి ఎవరో మీ ఇంట్లో ఎవరూ పేరు పెట్టి అనలేదు. మీరేనని అందరికీ తెలుసు కాబట్టి.

మీవారిని ఒక్క మాట అర్థం చేసుకోండి. అన్న ప్లాన్ వేస్తే తమ్ముడు 'కుదరదు' అనడం మన ఇళ్లలో ఎంత కష్టమో మీకు నేను చెప్పాలా? అటు అన్నకు ఊ కొట్టాడు, ఇటు కొడుక్కు మాటిచ్చాడు. ఆ రెంటి మధ్య మీ ప్రశ్న వచ్చి పడితే అడ్డం లాగే వినిపిస్తుంది. 'పిల్లలకు అవుతుందా' అని అడిగితే 'అవుతుంది' అనేస్తాడు, అక్కడితో మాట అయిపోతుంది. అందుకని అలా అడగకండి. ఇద్దరే ఉన్నప్పుడు గంటల లెక్కతో అడగండి. 'నేను పోవద్దంటలేను. పదకొండు నుంచి ఒంటిగంట దాకా పాపను ఎవరు పట్టుకుంటరు? ఒంటిగంట నుంచి మూడింటి దాకా ఎవరు? నీళ్లల్ల మీరు దిగినప్పుడు ఎవరు? చెప్పండి, రాసుకుంట.' నిజంగానే ఒక కాగితం తీసుకుని రాయండి. అన్ని గళ్లలో మీ పేరే వస్తే ఆయన కంటికీ కనబడుతుంది. సగం గళ్లలో తన పేరు రాసి, నిలబెట్టుకుంటానంటే అప్పుడు పాప గురించి కూడా మళ్లీ మాట్లాడుకోవచ్చు. నా అనుభవంలో కాగితం దగ్గరికొచ్చేసరికి చాలామంది 'చిన్నదాన్ని ఇంట్లో ఉంచుదాంలే' అంటారు.

ఇంట్లో ఉంచడమంటే అత్తమ్మ దగ్గరే. కొడుకుల ముందు మీ తరఫున మాట్లాడమని ఆమెను అడిగితే ఇరుకున పెట్టినట్టే, మాట్లాడదు. దానికి బదులు పని అడగండి. 'అత్తమ్మా, ఆ రోజు పాప మీ దగ్గర ఉంటదా?' తన భయానికి తానే ఉపాయం అవుతుంది, కాదనదని నా నమ్మకం. ముందే రెండు పూటలు అలవాటు చేయండి. ఒక ఆదివారం పొద్దున పాపకు పెరుగన్నం తినిపించి, మీరు బయటికి పోయి సాయంత్రం రండి. ఏడిస్తే ఎంతసేపు ఏడ్చింది, ఎట్లా ఊరుకుంది అని అడగండి. మీరు కనిపించకపోతే అసలు ఉండలేని పిల్లయితే మాత్రం మీరూ ఇంట్లోనే ఉండండి, బాబును వాళ్ల నాన్న ఒక్కడే తీసుకుపోనివ్వండి. మూతి ముడుచుకుని కాదు, మనసారా. గేటు దగ్గర ఎత్తు చాలక ఏడ్చే కొడుకును సముదాయించడం, బాత్రూమ్‌కు పరుగెత్తించడం, తడి బట్టలు మార్చడం ఆయనా ఒకరోజు చేస్తారు.

బాబు పోయేటట్టయితే ప్లాన్‌లో రెండు మార్పులు అడగండి. ఒకటి, ముందురోజు సాయంత్రమే బయల్దేరండి. ఉప్పల్‌లోనో ఘట్‌కేసర్‌లోనో చుట్టం లేని వరంగల్ ఇల్లు ఉంటుందా? రాత్రి అక్కడ పడుకుంటే పిల్లవాడు పొద్దున్నే కారులో వాంతులు చేసుకుని, నీరసంగా గేటు దగ్గర దిగే పని ఉండదు. రెండు, నాలుగున్నరకల్లా మీ కారు వెనక్కి తిరగాలి. బావగారి పిల్లలు పెద్దవాళ్లు, వాళ్లు ఆఖరి దాకా ఉంటారు, ఉండనివ్వండి. రెండు కార్లు అందుకే కావాలి. రోజంతా నీళ్లలో ఆడిన మనిషి రాత్రి హైవే మీద స్టీరింగ్ పట్టుకోవడం నాకు అన్నిటికన్నా భయం. అలాగే సద్దుల బతుకమ్మ మర్నాడు ఈ ప్రయాణం పెట్టుకోకండి. మీరు రాత్రి దాకా ఆడి, నిద్ర లేక, ఆ ఒళ్లునొప్పులతో ఏం పోతారు.

బాబుతో మాత్రం ఇవాళే మాట్లాడండి. గేటు దగ్గర తెలిస్తే అది వాడికి అవమానం. నేనూ ఒకసారి ఈ తప్పు చేశాను. మా అబ్బాయికి నాలుగేళ్లప్పుడు ఒక పార్కులో ఎత్తు కొలిచే బోర్డు దగ్గర ఆపారు. 'మడమలు ఎత్తి నిలబడు' అని చెవిలో నేనే చెప్పాను. అక్కడి పిల్లగాడు కనిపెట్టి నవ్వాడు, మావాడు ఆ తర్వాత దేనికీ రానని మొండికేశాడు. ఫలానా బొమ్మ పక్కన నిలబడితే పొడుగు సరిపోవాలని, సరిపోనివి అన్నలు ఎక్కుతుంటే చూసి చప్పట్లు కొట్టాలని, తనవి తనకు ఉంటాయని ఇంట్లోనే చెప్పి ఉంటే అయిపోయేది. లైన్లో నిలబడ్డాక భయమేస్తోందని అంటే వెనక్కి తీసుకురండి. 'మొగపిల్లాడివి, భయమేంది' అని పక్కనుంచి ఎవరో ఒకరు అంటారు. ఆ మాటకు జవాబు మీరు చెప్పకండి, వాళ్ల నాన్నతో చెప్పించండి.

జనంలో తప్పిపోతాడని కూడా మీకు భయం ఉండే ఉంటుంది. మేడారం పోయినప్పుడు పిల్లల జేబులో ఫోన్ నంబర్ చీటీ పెడతాం కదా, ఇక్కడ చీటీ తడిసిపోతుంది. ముంజేతి మీద మార్కర్‌తో రాయండి. పొద్దున లోపలికి పోయే ముందు ఆ రోజు బట్టల్లోనే వాడి ఫొటో ఒకటి తీసి పెట్టుకోండి. తినుబండారాలు బయటివి లోపలికి తేనివ్వరు, కాబట్టి గేటు బయటే కడుపునిండా తినిపించండి.

పాపకు ఏం తక్కువ చేస్తున్నామా అని బాధపడకండి. ఇంకో ఆదివారం హంటర్ రోడ్డు మీది కాకతీయ జూకు తీసుకుపోండి. రెండు జింకలు, ఒక నెమలి చూసి, అమ్మ చేతి ముద్దలు తిని, మధ్యాహ్నం తన మంచం మీద పడుకుంటుంది. అయితే దాన్ని బాబుకు వండర్‌లా బదులుగా చూపించే ప్రయత్నం చేయకండి. ఐదేళ్లవాడు అంత అమాయకుడేం కాదు.

ఒక సంగతి అడగడం మరిచాను. మీకు ఎక్కాలని ఉందా? ఇంత పెద్ద ఉత్తరంలో ఆ మాట లేదు. మీకు అలాంటివి ఇష్టమో భయమో కూడా నాకు తెలియదు. ఇష్టమైతే, పాప అత్తమ్మ దగ్గర ఉండేటట్టయితే, మీకూ ఒక నైలాన్ డ్రెస్ కొనుక్కోండి. బాబును వాళ్ల నాన్నకు అప్పగించి యారాలిని పిలవండి. ఆమె కూడా ఇన్నేళ్లుగా సంచులు పట్టుకుని నిలబడి ఉంటుంది, 'రా అక్కా' అని ఎవరో ఒకరు అనాలి కదా. లాకర్ తాళం ఆ కాసేపు మీ బావగారి దగ్గర ఉంటుంది.

'ప్రతిదానికీ అడ్డం' అన్న మాట ఈ ఒక్క విషయంలోనే వచ్చిందా, రోజూ వినబడుతోందా? రోజూ అయితే అది పార్కుతో తెగే సంగతి కాదు, ఇద్దరూ కలిసి ఒకసారి కౌన్సెలర్ దగ్గర కూర్చోండి.

బాబును కొలిచినప్పుడు గోడ మీద పెన్సిల్‌తో గీత గీసి, పక్కన తేదీ రాయండి. సంక్రాంతికి మళ్లీ కొలుద్దామని వాడితో చెప్పండి. గీత వాడినే గీయనివ్వండి, కాస్త వంకరగా వచ్చినా పర్వాలేదు.