ఎముక ఇన్ఫెక్షన్‌కి మందు కలిపిన పూసలు పెట్టించొచ్చా?

నాన్నగారి కాలి ఎముకలో ఇన్ఫెక్షన్ వచ్చింది, రాడ్ తీసేసి యాంటీబయాటిక్ కలిపిన పూసలు పెడతామంటున్నారు, పెట్టించొచ్చా, ఇక మళ్లీ రాదా అని అడిగారు. నేను డాక్టర్ని కాదు. కానీ అవే పూసలు నా కాల్లో ఆరు వారాలు ఉన్నాయి. పెట్టించండి. కాకపోతే చీము పోయేది పూసల వల్ల అనుకోకండి.

2016లో సూర్యాపేట దాటాక బండి జారింది. మోకాలి కింద ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. రాడ్ వేశారు. అయిదో వారంలో కుట్ల పక్కన చిన్న రంధ్రం పడి, రోజూ కట్టు గుడ్డకి పసుపు మరక అంటేది. చూసిన ప్రతివాళ్లదీ ఒకటే మాట: "రాడ్డు పడలేదు." జాతకాలు కలవనట్టు! నాకు ఈ మాట వింటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పడకపోవడం ఏమీ ఉండదండీ, దుమ్ముతో పాటు లోపలికి వెళ్లిన సూక్ష్మజీవులు ఇనుము మీద కాపురం పెడతాయి. నీళ్ల తొట్టికి పాచి పట్టినట్టు రాడ్డుకీ, చచ్చిన ఎముక ముక్కలకీ జిగురు పొర పడుతుంది. పాచి మీద ఎన్ని బిందెల నీళ్లు పోసినా పోదు, గీకాలి. సెలైన్‌లో ఎక్కించే మందూ అంతే, ఆ పొర లోపలికి సరిగా చేరదు.

నేను చేసిన తెలివితక్కువ పని ఏంటంటే, దగ్గర్లో ఉన్న క్లినిక్‌లో నెల రోజులు మాత్రలు వాడాను. దాంతో ఆపరేషన్‌లో తీసిన ముక్కని కల్చర్‌కి, అంటే ఏ క్రిమి ఉందో పెంచి చూసే పరీక్షకి, పంపితే ఏ క్రిమీ పెరగలేదు. అది ఏ క్రిమో తెలియకుండానే మందు వేయాల్సి వచ్చింది. ఇంకోవైపు మా పెద్దమ్మ, పప్పు తింటే చీము పడుతుందని రెండు నెలలు నాకు చారన్నమే పెట్టింది. పుండు మానడానికి మాంసకృత్తులు కావాలిరా బాబూ అని డాక్టర్ గారు కేకలేస్తే గానీ గుడ్డూ పప్పూ కంచంలోకి రాలేదు.

ఆపరేషన్ రోజు వెన్నుకి మత్తు ఇచ్చారు కాబట్టి మెలకువగానే ఉన్నాను. రాడ్ తీసి, చెడిన ఎముక చెక్కి, సెలైన్‌తో కడుగుతూనే ఉన్నారు. ఎంతకీ అవ్వదు. చాలాసేపటికి "సిమెంటు కలుపు" అని వినిపించింది. అప్పట్లో మా ఇంటి స్లాబు పని నడుస్తోంది, ఒక్క క్షణం మత్తెక్కువై మేస్త్రి గొంతు వినిపిస్తోందేమో అనుకున్నా. మెడ పక్కకి తిప్పితే జూనియర్ డాక్టర్ ఒకాయన గిన్నెలో తెల్ల పొడి పోసి, సీసాలోని వ్యాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ అందులో వంచి, ఏదో ద్రవం పోసి కలుపుతున్నాడు. గోళ్ల రంగు సీసా మూత తీసినట్టు ఘాటు వాసన. పిండి ముద్దలా అవగానే గబగబా సున్నుండలు చుట్టినట్టు చిన్న చిన్న ఉండలు చేసి స్టీలు తీగకి గుచ్చాడు. "తొందరగా, గట్టిపడిపోతోంది" అని పెద్దాయన కసురుతున్నారు. ఎముకల ఆపరేషన్లలో వాడే ఆ సిమెంటు గట్టిపడేటప్పుడు బాగా వేడెక్కుతుందట. అందుకే వేడికి పాడవని మందులే కలుపుతారు, జెంటామైసిన్, వ్యాంకోమైసిన్ లాంటివి. ఆ దండే నా కాల్లో పెట్టారు. రాడ్ తీసేశారు కాబట్టి ఎముక కదలకుండా కాలికి బయట ఫ్రేమ్ బిగించారు.

దాని లాభం ఏంటంటే, మందు నేరుగా పుండు దగ్గరే ఊరుతుంది. అంత మోతాదు రక్తంలోకి ఎక్కిస్తే కిడ్నీలు తట్టుకోలేవు. అయితే ఎక్కువ భాగం మొదటి రోజుల్లోనే వచ్చేస్తుంది, తర్వాత పలచబడుతుంది. మందు అయిపోయిన పూస మళ్లీ క్రిములకి కొత్త అరుగు. అందుకే ఆరు వారాలకి ఇంకో ఆపరేషన్ చేసి తీసేసి, తుంటి నుంచి ఎముక తెచ్చి నింపారు. ఫ్రేమ్ తీసి నడవడానికి పది నెలలు పట్టింది.

2022లో మా బావమరిదికి విజయవాడలో పెట్టినవి వేరే రకం, కరిగిపోయే పూసలు, సగ్గుబియ్యం కంటే కాస్త పెద్దవి. కాల్షియం సల్ఫేట్, అంటే మనకి తెలిసిన ప్లాస్టర్ ఆఫ్ పారిస్ చుట్టమే. "లేటెస్ట్ టెక్నాలజీ" అని చెప్పి బిల్లులో విడిగా వేశారు. 1892లోనే డ్రీస్‌మన్ అనే జర్మన్ సర్జన్ ఎముక గుంతల్లో ప్లాస్టర్ నింపాడు, లేటెస్ట్ ఎక్కడిదండీ! సరే, పూసలు మంచివే. మూడో రోజు రాత్రి పదకొండింటికి మా చెల్లెలు ఫోన్: "అన్నయ్యా, కట్టంతా తడిసిపోయింది, తెల్లగా కారుతోంది, మళ్లీ చీమే." ఫొటో పంపింది. నాకూ చీములాగే అనిపించింది, నా కాలు గుర్తొచ్చి నిద్ర పట్టలేదు. తెల్లారి తీసుకెళ్తే డాక్టర్ వాసన చూశారు, జ్వరం చూశారు, కుట్ల చుట్టూ నొక్కారు. ఏమీ లేదు, కాల్షియం కరిగి వస్తోందంతే అన్నారు. మూడు వారాలు కారి ఆగిపోయింది. ఈ ఒక్క ముక్క డిశ్చార్జి రోజు చెప్పి ఉంటే మా చెల్లెలు ఆ రాత్రంతా ఏడ్చేది కాదు. అలాగని కారేదంతా కాల్షియమేనని మీరు మాత్రం ఇంట్లో కూర్చుని తేల్చకండి, చూపించండి.

యాంటీబయాటిక్ అసలే లేకుండా క్రిముల్ని చంపే గాజు గుళికలు కూడా ఉన్నాయి. ఫిన్లాండ్‌లో తయారైన ఎస్53పి4 అనేది అలాంటిదే. చుట్టూ క్షారం, ఉప్పు శాతం పెంచేసి క్రిములు బతకనీయదట. నేను చదివిందే గానీ చూడలేదు.

మళ్లీ రాదా అంటే, అది చెడిన ఎముకని ఎంత శుభ్రంగా తీశారన్న దాన్ని బట్టి ఉంటుంది. డాక్టర్ని పూసల ధర కంటే ముందు ఇదే అడగండి. కరిగే రకమా తీయాల్సిన రకమా, ముక్క కల్చర్‌కి వెళ్లిందా అనేవి కూడా. నాన్నగారికి షుగర్ ఉంటే దాని సంగతీ చూడండి. పప్పు మాత్రం మానిపించకండి.