పేలున్నాయని బడి మాన్పించాలా?

ప్రశ్న: మా పాప మూడో తరగతి. తలలో పేలున్నాయని టీచర్ డైరీలో రాసి, పూర్తిగా పోయేదాకా పంపొద్దన్నారు. వారం నుంచి ఇంట్లోనే ఉంది. కిరోసిన్ రాస్తే ఒక్కరోజులో పోతాయని మా అత్తగారు అంటున్నారు. రాయవచ్చా? బడి మాన్పించక తప్పదా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: కిరోసిన్ రాయొద్దమ్మా, బడీ మాన్పించొద్దు. అలాగని మీ అత్తగారిని తప్పుపట్టకండి. వందేళ్ల కిందట న్యూయార్క్‌లో స్కూలు నర్సులు కూడా కిరోసినే వాడేవారు.

బడి మాన్పించే పద్ధతి సంగతి కూడా ఆ ఊళ్లోనే తేలిపోయింది. అక్కడ 1897 నుంచి డాక్టర్లు బడులకు వెళ్లి పిల్లల్ని పరీక్షించేవారు. పేలు, గజ్జి, తామర, ట్రకోమా అనే కంటి జబ్బు... ఏది కనిపించినా చేతిలో చీటీ పెట్టి ఇంటికి పంపేయడమే. మందు ఇచ్చే నాథుడు లేడు. తల్లిదండ్రుల్లో చాలామంది వేరే దేశాల నుంచి వలస వచ్చిన పేదలు, ఆ ఇంగ్లిష్ చీటీ చదవలేరు. ఇంటికి పంపిన పిల్లలేమో సాయంత్రం అదే క్లాసు పిల్లలతో వీధిలో ఆడుకునేవారు. చదువు పోయింది, అంటు మాత్రం పోలేదు.

పేదల వాడలో హెన్రీ స్ట్రీట్ సెటిల్‌మెంట్ అనే సేవాకేంద్రం నడిపే నర్సు లిలియన్ వాల్డ్, బడుల్లో ఒక నర్సును నెల రోజులు పెట్టి చూడమని అధికారులను ఒప్పించారు. అలా 1902 అక్టోబరులో లీనా రోజర్స్ నాలుగు బడుల బాధ్యత తీసుకున్నారు. చిన్నాచితకా జబ్బులకు బడిలోనే మందు రాసి క్లాసుకు పంపేవారు. తర్వాత ఇళ్లకు వెళ్లి, ఎలా శుభ్రం చేయాలో తల్లులకు చేసి చూపేవారు. త్వరలోనే మరికొందరు నర్సులను నియమించారు. 1902 సెప్టెంబరులో 10,567 మంది పిల్లల్ని ఇంటికి పంపితే, మరుసటి ఏడాది సెప్టెంబరులో 1,101 మందినే పంపారు. డాక్టర్ల చీటీలతో కానిది నర్సుల చేతులతో అయింది!

ఇప్పుడు మీ పాప సంగతి. 1 శాతం పర్మెత్రిన్ లోషన్ మందుల షాపులో దొరుకుతుంది. తలస్నానం చేయించి, తుడిచాక తడి జుట్టుకు పట్టించి పది నిమిషాల తర్వాత కడిగేయండి. ఆ రోజు కండిషనర్ వద్దు. ఈపులు మిగిలిపోయి మళ్లీ పిల్లలవుతాయి కాబట్టి తొమ్మిదో రోజున ఇంకోసారి రాయాలి. మధ్యలో రెండు మూడు రోజులకోసారి పేల దువ్వెనతో దువ్వండి. ఇంట్లో అందరి తలలూ చూడండి, పాప పక్కన పడుకునేవారి తల ముందు. గుండు అక్కర్లేదు. కిరోసిన్‌తో మాడు చర్మం కాలుతుంది, పొయ్యి దగ్గరికి వెళ్తే నిప్పంటుకునే ప్రమాదం కూడా.

పేలు ఎగరవు, దూకవు. చాలావరకు తలకు తల తగిలితేనే ఎక్కుతాయి. మొదటిసారి మందు రాసిన మర్నాడే జడ బిగించి బడికి పంపండి. టీచర్ ఒప్పుకోకపోతే ఈ జవాబు చూపించండి. గోకిన చోట చీము పట్టినా, మెడ వెనక బిళ్లలు కట్టినా మాత్రం డాక్టర్‌కు చూపించాలి.