డాక్టర్ సలహా: వేళ్లు తెల్లబడుతున్నాయని రాశారు, నా దృష్టి కాళ్ల వాపు మీద పడింది

ప్రశ్న: మా నాన్నకు 56 ఏళ్లు. అశ్వారావుపేట వైపు జామాయిల్ తోటల్లో చెట్లు కోసే పని. మొదట్లో గొడ్డలితో నరికేవాడు, పదిహేనేళ్లుగా రంపం మిషన్ పడుతున్నాడు. అడవంటే ప్రాణం. పని లేని రోజు కూడా ఇంట్లో ఉండడు. మనవళ్లను బండెక్కించుకుని వాగుకు చేపలకు పోతాడు. ఎండాకాలం తునికి పండ్లు, మొర్రి పండ్లు జేబుల నిండా తెస్తాడు. మా ఇద్దరు అక్కాచెల్లెళ్ల చదువులు, పెళ్లిళ్లు ఆ రెక్కల మీదే జరిగాయి. రెండేళ్లుగా చలికాలం పొద్దున్నే చేతివేళ్లు సున్నం పూసినట్టు తెల్లగా అవుతున్నాయి, తిమ్మిర్లు. చొక్కా గుండీలు మనవరాలితో పెట్టించుకుంటాడు, ముద్దు చేస్తున్నాడని నవ్వుకుంటాం. బీపీకి అటెనలాల్ 50 వేసుకుంటాడు. నడుం నొప్పికి రోజూ రెండు డైక్లోఫెనాక్ గోళీలు, రెండేళ్ల పైనుంచి. బీడీ కాలుస్తాడు. నెల రోజులుగా సాయంత్రానికి పాదాలు కొంచెం వాస్తున్నాయి. తిమ్మిర్లకు ఏ విటమిన్ మంచిది? పని మాన్పించమంటారా? మానమంటే ‘అడవికి పోకపోతే మంచాన పడతా’ అంటున్నాడు.
– ఒక పాఠకురాలు, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా

జవాబు: అమ్మా, ఉత్తరమంతా చేతుల గురించి రాసి, పాదాల వాపును చివర్లో ‘కొంచెం’ అని తేల్చేశారు. నేను అక్కడినుంచే మొదలుపెడతాను.

బీపీ ఉన్న మనిషి, రెండేళ్లుగా రోజుకు రెండు డైక్లోఫెనాక్ గోళీలు, ఇప్పుడు పాదాల వాపు. ఈ మూడూ ఒకచోట కనిపిస్తే ఏ డాక్టరైనా ముందు కిడ్నీల గురించే అడుగుతాడు. వాపుకు గుండె, లివర్, కాళ్ల సిరలు, ఇంకా చాలా కారణాలుంటాయి. మనిషిని చూడకుండా ఇదే అని నేను చెప్పలేను. కానీ ఈ వారంలోనే సీరమ్ క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష), పొటాషియం, సోడియం, మూత్ర పరీక్ష, షుగర్, రక్తంలో హిమోగ్లోబిన్, ఒక ఈసీజీ చేయించండి. ఏరియా ఆసుపత్రిలో అడగండి, ఇవేమీ పెద్ద పరీక్షలు కావు. బీపీ ఎంతుందో ఎక్కడా రాయలేదు. చివరిసారి ఎప్పుడు చూపించారు?

నొప్పుల గోళీ ఈ రోజు నుంచే ఆపేయండి. ఈ రకం మందులు కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి, ఒంట్లో ఉప్పు, నీరు నిలబెడతాయి, బీపీ పెంచుతాయి. అంటే ఒక చేత్తో బీపీ మందు వేస్తూ ఇంకో చేత్తో దాన్ని పెంచుతున్నారన్నమాట. దానికి తోడు ఎండలో చెమటోడ్చే పని. తాగే నీళ్లు చాలని రోజు అదే గోళీ ఇంకా ఎక్కువ దెబ్బ కొడుతుంది. నాన్నగారు అడవి మనిషి కాబట్టి ఆయనకు ఈ సంగతి చెప్పండి. పశువులకు డైక్లోఫెనాక్ వాడడాన్ని మన దేశంలో 2006లో నిషేధించారు. ఆ మందు పడ్డ పశువుల కళేబరాలు తిని రాబందులు కిడ్నీలు పాడై గుంపులు గుంపులుగా చచ్చిపోయాయి. మన కిడ్నీ రాబందు కిడ్నీ అంత సున్నితం కాదు, నిజమే. అలాగని రెండేళ్లు రోజూ పరీక్ష పెట్టాలా?

మెడికల్ షాపులో స్ట్రిప్పు అడిగితే ఇచ్చేస్తారు, ఎవరి చీటీ అని అడగరు. ఊళ్లో వైద్యం చేసే ఆయన నడుముకు ఒక సూది వేస్తాడు, సాయంత్రానికి హాయిగా ఉంటుంది, మర్నాడు పనికి పోవచ్చు. టన్ను లెక్కన కూలి వచ్చే మనిషికి ఒక రోజు ఆగడమంటే ఎంత నష్టమో నాకు తెలుసు. అందుకే ఆయన్ని పెద్దగా తిట్టను. చదువుకున్న మీరు రెండేళ్లు చూస్తూ ఊరుకున్నందుకు మాత్రం కొంచెం కోపంగానే ఉంది. నడుముకు ప్రస్తుతానికి వేడి కాపడం పెట్టండి. లివర్ జబ్బు, రోజూ తాగే అలవాటు లేకపోతే అవసరాన్ని బట్టి పారాసెటమాల్ వేసుకోవచ్చు. అది కూడా మీ డాక్టర్‌ని అడిగాకే.

ఇప్పుడు చేతులు. నన్ను ఆపింది మీరు ముచ్చటగా రాసిన ఆ గుండీల మాట. ఆయన మనవరాలిని ముద్దు చేస్తున్నాడో లేదో గానీ, వేళ్ల కొసలకు గుండీ తెలియడం లేదని నా అనుమానం. ఒక రూపాయి బిళ్లను బల్ల మీద పెట్టి, కళ్లు మూసుకుని తీయమనండి. తీయలేకపోతే ముద్దు సంగతి తేలిపోతుంది.

ఏళ్ల తరబడి అదిరే యంత్రం పట్టుకున్నవాళ్ల వేళ్లలో సన్నటి రక్తనాళాలు, నరాలు దెబ్బతింటాయి. చలి తగలగానే ఆ నాళాలు ముడుచుకుపోయి వేలు తెల్లగా పాలిపోతుంది. ఎక్కడిదాకా తెలుపో గీత గీసినట్టు కనిపిస్తుంది. కాసేపటికి నీలంగా మారి, రక్తం తిరిగొచ్చేటప్పుడు ఎర్రబడి సలుపుతుంది. ఇది కొత్తగా కనిపెట్టిన జబ్బేమీ కాదు. 1918లోనే ఆలిస్ హామిల్టన్ అనే అమెరికా డాక్టరమ్మ, ఇండియానాలో సున్నపురాయి చెక్కే కార్మికుల తెల్లబడ్డ వేళ్లు చూసి వివరంగా రాసింది. వాళ్లవి గాలితో నడిచే సుత్తులు, మీ నాన్నది పెట్రోల్ రంపం. అదురు ఒకటే.

నేనూ తప్పు చేశాను. ప్రాక్టీసు కొత్తల్లో ఇలాగే వచ్చిన ఒకాయనకు ఆరు నెలలు మెడ ఎక్స్‌రేలు, బీ కాంప్లెక్స్ రాశాను. ‘ఏం పని చేస్తావయ్యా?’ అని ఒక్కసారి కూడా అడగలేదు. ఆయన బండరాయికి డ్రిల్లింగ్ చేసేవాడు.

కాబట్టి ఏ విటమిన్ అంటే, ముందు బీ12 పరీక్ష చేయించి, తక్కువ ఉంటేనే వాడండి. షుగర్, థైరాయిడ్, మణికట్టు దగ్గర నరం నొక్కుకోవడం కూడా తిమ్మిర్లకు కారణాలే, అవీ చూడాలి. ఊరికే నరాల బలానికి అని బీ6 ఎక్కువ మోతాదులో ఏళ్ల తరబడి మింగితే దానివల్లే తిమ్మిర్లు వచ్చే ప్రమాదముంది.

అటెనలాల్ సంగతి. ఆ జాతి మందులు కొందరిలో చేతులు, కాళ్లు చల్లబడేలా చేసి ఈ తెల్లబడటాన్ని పెంచుతాయి. పైగా అది బయటికి పోయేది కిడ్నీల ద్వారానే. మార్చాల్సి రావచ్చు. కానీ ఇది చదివి మీరే ఆపేయకండి. ఒక్కసారిగా ఆపితే బీపీ ఎగదన్నుతుంది, గుండెకు ప్రమాదం. బదులుగా తరచూ వాడే ఆమ్లోడిపిన్ వేళ్లకు మేలు చేయవచ్చు గానీ, అదే పాదాల వాపు తెస్తుంది. అందుకే రిపోర్టులు చూసిన డాక్టరే మార్చాలి.

బీడీ పూర్తిగా మానాల్సిందే. ముడుచుకున్న నాళాలను నికోటిన్ ఇంకా బిగిస్తుంది. తునికి చెట్టు పండ్లు మనవళ్లకు తేవడం బాగుంది, దాని ఆకులో పొగాకు చుట్టి కాల్చడమే బాగాలేదు.

పని మాన్పించాలా అన్నారు. మిషన్ మాత్రం పరీక్షలయ్యేదాకా పట్టనివ్వకండి. తిమ్మిరెక్కిన చేతిలో రంపం ఎగదన్నితే ఏమవుతుందో ఆయనకు నాకంటే బాగా తెలుసు. అదురుకు దూరమైతే తెల్లబడటం కొందరిలో తగ్గుముఖం పడుతుంది, పోయిన స్పర్శ మాత్రం చాలామందికి పూర్తిగా తిరిగి రాదు. అందుకే తొందరపెడుతున్నాను. ముఠాలో కొలతలు, లోడు లెక్కలు చూసే పని ఏదైనా ఉందేమో మేస్త్రితో మాట్లాడండి. పట్టక తప్పని రోజు వస్తే మిషన్ హ్యాండిల్ దగ్గరి రబ్బర్లు అరిగాయేమో చూసుకోవాలి, చెయిన్ పదునుగా ఉండాలి, మధ్యమధ్యలో ఆపి చేతులు వెచ్చచేసుకోవాలి. చేతి తొడుగులు చలిని ఆపుతాయి, అదురును పెద్దగా ఆపవు. టీవీ సౌండు పెంచమంటున్నాడా? మీరు రాయలేదు గానీ నేనడుగుతున్నా. రంపం చప్పుడు చెవి దగ్గర 100 డెసిబెల్స్ దాటుతుంది. 85 దాటిన చప్పుడులో రోజంతా ఉంటేనే వినికిడి దెబ్బతింటుంది. చెవి పరీక్ష కూడా రాయించుకోండి.

మూత్రం తగ్గినా, ఆయాసం వచ్చినా, వాంతులు, నల్లటి విరేచనం, ఛాతీలో నొప్పి కనిపించినా, వేలి కొసన పుండు పడినా రిపోర్టుల కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇది ఉత్తరం చూసి రాసిన సలహా మాత్రమే, చికిత్స చీటీ కాదు.

అడవికి పోకపోతే మంచాన పడతానన్న మాటను కొట్టిపారేయకండి, అలా పడ్డవాళ్లను చూశాను. వాగుకు వెళ్లనివ్వండి. పొద్దున చలిలో వద్దు, ఎండెక్కాక వెళ్లమనండి. చల్లటి నీళ్లలో చేతులు పెట్టి వల లాగే పని మనవళ్లకిచ్చి, ఆయన గట్టున గాలం పట్టుకుని కూర్చోవచ్చు. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న గోళీలన్నీ, ఖాళీ స్ట్రిప్పులతో సహా, ఒక కవర్లో వేసుకెళ్లండి.