డంగు సున్నం గోడకు సిమెంటు పెట్టాడు, పరిహారం వస్తుందా?

ప్రశ్న: రాజమహేంద్రవరంలో మా తాతగారు డంగు సున్నంతో (గానుగలో నూరిన సున్నం, ఇసుక ముద్దతో) కట్టించిన ఇటుక ఇల్లు ఉంది. పాత ఇళ్ల పని బాగా తెలుసన్న తాపీ కాంట్రాక్టరుకు రూ.4.20 లక్షలకు మరమ్మతు గుత్తకిచ్చాం. సున్నమే వాడతానని వాట్సాప్‌లో ఒప్పుకొని, ఇటుకల సందులన్నీ సిమెంటుతో నింపాడు. ఏడాది తిరక్కుండానే ఇటుకలు పొరలుగా రాలుతున్నాయి. రాతకోతలు లేవు. మేం హైదరాబాద్‌లో ఉంటున్నాం. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ సిమెంటును పీకించకండి. మీ కేసుకు ఆ గోడే సాక్ష్యం.

కాగితం లేకపోయినా ఒప్పందం చెల్లుతుంది. వాట్సాప్ సందేశాలు, బ్యాంకు చెల్లింపుల వివరాలు చాలు. ఫోన్ మార్చకుండా ఉంచుకోండి. ఆ సందేశాల ప్రతులకు భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం, ఎలక్ట్రానిక్ రికార్డుకు ఇచ్చే ధ్రువపత్రం జతచేయాలి.

మీరు గుత్తకివ్వడం మంచిదైంది. రోజు కూలికి పెట్టుకుని పక్కనుండి చేయించి ఉంటే, అది వ్యక్తిగత సేవ, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కిందికి రాదని అవతలివారు వాదించేవారు. ఇప్పుడు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. సెక్షన్ 34 ప్రకారం మీరుండే హైదరాబాద్‌లోనే వేయొచ్చు. చెల్లించింది రూ.5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. గడువు 2 ఏళ్లు. పని ముగిసిన తేదీ నుంచే లెక్కపెట్టుకోండి. ఇంటిని లాడ్జిలా నడుపుతుంటే మాత్రం వాణిజ్య ప్రయోజనమనే అభ్యంతరం వస్తుంది.

అసలు పోరాటం కారణం దగ్గరే. 'ఇటుకే పాతది, చెమ్మ ముందునుంచీ ఉంది' అంటాడు కాంట్రాక్టరు. సున్నం సందుల్లోంచి గోడలోని తేమ బయటికి పోతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తే తేమ ఇటుకలోంచే వెళ్లాలి. దాంతోపాటు వచ్చిన ఉప్పు ఇటుక పైపొర వెనక గడ్డకట్టి దాన్ని ఊడగొడుతుంది. పాత కట్టడాలు తెలిసిన ఇంజినీరుతో ఇది నివేదికగా రాయించండి. అదే గోడలో సిమెంటు తగలని చోట ఇటుకలు బాగున్నాయా, పైకప్పు కారుతోందా, తూముల నీరు పడుతోందా అన్నవీ అందులో ఉండాలి. ఆ పోలిక లేని నివేదిక క్రాస్ ఎగ్జామినేషన్‌లో నిలవదు.

తర్వాత 15 రోజుల గడువుతో లాయర్ నోటీసు స్పీడ్ పోస్టులో పంపండి. ఇచ్చిన సొమ్ముతోపాటు సిమెంటు తీసి సున్నంతో మళ్లీ చేయించే ఖర్చు కూడా అడగండి, ఇంకో మేస్త్రి ఇచ్చిన అంచనా జతచేసి. పోలీసు కేసు మీద ఆశ పెట్టుకోకండి. మొదటినుంచీ మోసగించే ఉద్దేశం ఉందని చూపలేకపోతే సివిల్ వివాదమని పంపేస్తారు.

ఈసారి ఒప్పందం రాసుకోండి. ఒక పాలు సున్నం, మూడు పాళ్లు ఇసుక. 'గట్టిదనానికి గుప్పెడు' అంటూ సిమెంటు కలపడం కుదరదు. సందును దాని వెడల్పుకు కనీసం రెండింతల లోతు ఉలితో చేత్తోనే తవ్వాలి, గ్రైండర్ పెడితే ఇటుక అంచులు పోతాయి. ముందు గజం మేర నమూనా చేసి చూపాలి. గోనెపట్టాలు కప్పి కనీసం వారం తడపాలి. సొమ్ములో 10 శాతం ఒక వానాకాలం దాటాకే ఇస్తామని రాయండి.