బాయిలర్ ప్యానెల్ విప్పబోతున్న మేనకోడలికి

చిట్టీ,

ఆదివారం గాజువాక లాండ్రీలో, ఆరుబయట ఉన్న కట్టెల బాయిలర్ ప్యానెల్ నువ్వే విప్పి, పాత థర్మోస్టాట్ స్థానంలో డిజిటల్ కంట్రోలర్ బిగిస్తావట. మీ అమ్మ భయపడుతూ చెప్పింది, నేను మురిసిపోతూ విన్నాను. ఫోన్ పెట్టేశాక ఆ భయం నాకూ అంటుకుంది. కె టైపు థర్మోకపుల్ (రెండు వేర్వేరు లోహాల తీగలు కలిపి చేసిన వేడి సెన్సర్) కొన్నావనీ, దూరం చాలకపోతే ఇంట్లో ఉన్న రాగి వైరు అతికిస్తానన్నావనీ కూడా చెప్పింది. ఈ ఉత్తరం ఆ అతుకు గురించే.

ముందు మామూలు సంగతులు. శనివారం మధ్యాహ్నం నుంచి కట్టెలు వేయొద్దు. పొయ్యిలో నిప్పుండగా నీళ్లు తిప్పే పంపు ఆపకూడదు, పంపు ఆపకుండా ప్యానెల్ విప్పకూడదు. ఎంసీబీ (కరెంటు ఆపే బ్రేకరు స్విచ్) దించి తాళం వెయ్యి. టెస్టర్ వెలగలేదని నమ్మకు, మల్టీమీటరుతో ఫేజుకీ న్యూట్రల్‌కీ, ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య చూడు. ఒక్క వైరు కదిపే ముందు ఫోటో తీసి, నంబర్లు తగిలించు. కంచరపాలెం ఐటీఐలో ఇవన్నీ చెప్పే ఉంటారు.

ఇక అతుకు. ఈ తప్పు నేనూ చేశాను, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. థర్మోకపుల్ కొలిచేది వేడిని కాదమ్మా, రెండు చివర్ల మధ్య వేడిలో ఉన్న తేడాని. వైరు వచ్చి తగిలే టెర్మినళ్ల దగ్గర ఎంత వేడి ఉందో కంట్రోలర్ తనే చూసుకుని, ఆ తేడాకి కలిపి అంకె చూపిస్తుంది. మధ్యలో ఆ రెండు లోహాలకి బదులు రాగి అతికించావంటే చల్లని చివర ప్యానెల్లో ఉండదు, అతుకు దగ్గరికి జరిగిపోతుంది. అతుకేమో బాయిలర్ పక్కనే జంక్షన్ బాక్సులో ఉంటుంది. పాపం, కంట్రోలర్‌కి ఆ సంగతి తెలీదు.

లెక్క చూడు. నీళ్లు 100 డిగ్రీలు, అతుకు 60, ప్యానెల్ లోపల 35 అనుకో. వైరు చెప్పే తేడా 40. దానికి కంట్రోలర్ తన 35 కలిపి 75 చూపిస్తుంది. నువ్వు 80కి సెట్ చేసి ఉంటే మంటకి గాలి ఊదే బ్లోయర్ ఆగదు. నీళ్లు కుతకుతా మరుగుతూ వెంటు గొట్టంలోంచి పొంగుతుంటే డిస్‌ప్లే మీద 75 వెలుగుతూనే ఉంటుంది.

దీంట్లో మాయ ఏమిటంటే, పొద్దున్న పరీక్షిస్తే అంతా సరిగ్గానే ఉంటుంది. అప్పుడు అతుకూ ప్యానెలూ ఒకే వేడిలో ఉంటాయి గనక తప్పు బయటపడదు. బాయిలర్ కాగేకొద్దీ అబద్ధం పెరుగుతుంది. "ఉదయం చూశాను, బాగానే ఉంది" అనే మాట ఈ పనిలో చెల్లదు.

అందుకని రెండు దారులు. ఒకటి, సెన్సర్ నుంచి కంట్రోలర్ దాకా కె టైపు కేబులే లాగడం. రంగులు చూసుకో: ఐఈసీ (అంతర్జాతీయ) పద్ధతి కేబుల్లో ఆకుపచ్చ పాజిటివ్, తెలుపు నెగటివ్. అమెరికా పద్ధతి కేబుల్లో పసుపు పాజిటివ్, ఎరుపు నెగటివ్. ఎరుపంటే పాజిటివే అనుకునే అలవాటు ఇక్కడ ముంచుతుంది. తిరగేస్తే నీళ్లు కాగేకొద్దీ అంకె తగ్గుతుంది, బ్లోయర్ ఇంకా ఊదుతుంది. రెండోది, నాకు నచ్చింది: దుకాణంలో మార్చుకుని మూడు వైర్ల పీటీ100 (వేడిని బట్టి నిరోధం మారే ప్లాటినం సెన్సర్) తెచ్చుకో. నీళ్ల వేడికి అదే నయం, మూడూ ఒకే కొలత రాగి వైర్లు లాగితే చాలు. కంట్రోలర్లో ఇన్‌పుట్ రకం మార్చడం మరచిపోకు. ఏదైనా సరే, సెన్సర్ వైరుని 230 వోల్టుల వైర్లతో ఒకే గొట్టంలో తోయకు.

సెన్సర్ తెగితే చాలా కంట్రోలర్లు అది కనిపెట్టి బ్లోయర్ ఆపేస్తాయి. ప్రమాదం తెగడంలో లేదు. వైర్లు ఒకదానికొకటి తగులుకున్నా, సెన్సర్ తను కూర్చునే పాకెట్ గొట్టంలోంచి జారి బయట వేలాడినా తక్కువ అంకె చూపిస్తుంది, బ్లోయర్ ఆగదు. కేబుల్ జారకుండా పట్టే గ్లాండు బిగించి, కేబుల్ లాగి చూడు.

అందుకే పాత థర్మోస్టాట్ పారేయకు. 90కి పెట్టి, హద్దు దాటకుండా కాపలాకి ఉంచు. దాని బల్బులో ద్రవం కారిపోతే అదీ "చల్లగా ఉంది" అనే అనుకుంటుంది గనక, ముందు వేడి నీళ్ల గిన్నెలో ముంచి క్లిక్‌మంటుందో లేదో విను. ఆ థర్మోస్టాట్, నీళ్లు తగ్గితే తెరుచుకునే ఫ్లోట్ స్విచ్, ఆపే ఎర్ర బటను వరసగా కలిపి, నడిపే ఆకుపచ్చ బటనుతో ఒక చిన్న రిలేకి (కరెంటుతో పనిచేసే స్విచ్‌కి) హోల్డింగ్ ఇవ్వు, అంటే బటను వదిలినా రిలే తనని తానే పట్టుకుని ఉండాలి, కరెంటు పోతే వదిలెయ్యాలి. కంట్రోలర్ కాంటాక్టుని ఆ వరసలో పెట్టకు, ఆగిన ప్రతిసారీ హోల్డింగ్ పడిపోతుంది. రిలే తర్వాత కంట్రోలర్, ఆ తర్వాత బ్లోయర్‌కి కరెంటు ఇచ్చే కాంటాక్టర్ (పెద్ద రిలే) కాయిలు.

ఇంత తతంగం ఎందుకంటావా? కరెంటు పోయినప్పుడు కుర్రాడు తలుపు తీసి కట్టె వేస్తుంటాడు. సరిగ్గా అప్పుడే కరెంటు వస్తే, మామూలు స్విచ్ అయితే బ్లోయర్ దానంతటదే లేచి మంటని వాడి మొహం మీదకి తోస్తుంది. హోల్డింగ్ ఉంటే ఎవరో బటను నొక్కాలి. పంపుకి మాత్రం ఇది వద్దు, అది వేరే ఎంసీబీ మీద కరెంటు రాగానే తిరగాలి, వీలైతే ఇన్వర్టర్ మీద ఉండాలి.

సెట్టింగు 75, బ్లోయర్ ఆగడానికీ మళ్లీ లేవడానికీ మధ్య తేడా 5 చాలు. కట్టెలు మిగులుతాయని 60 కిందికి దించకు. పచ్చి సరుగుడు కట్టెలకి తోడు నీళ్లు చల్లగా ఉంటే తారు పడుతుంది, అది బ్లోయర్ గాలి దారిని మూసే మూతకి అంటుకుంటుంది. మూత తన బరువుతో పూర్తిగా పడకపోతే బ్లోయర్ ఆగినా నిప్పు ఆగదు. వేలితో ఎత్తి వదిలి చూడు, టక్కున పడాలి.

మన ఉప్పుగాలికి ఇనుప పెట్టె రెండేళ్లు ఆగదు. దుమ్మూ నీళ్లూ దూరని ఐపీ65 పాలీకార్బనేట్ పెట్టె తీసుకుని, బాయిలర్‌కి తగిలించకుండా మీటరున్నర దూరంలో, నీడలో పెట్టు. కేబుళ్లన్నీ కింద నుంచే రావాలి. వాడని కన్నం ఒక్కటున్నా బల్లి దూరి కాంటాక్టర్ మీద కాలిపోతుంది, నవ్వకు.

అంతా అయ్యాక, నిప్పు వేయకముందు, సెన్సర్‌ని మరుగుతున్న నీళ్లలో పెట్టు. సముద్రం ఒడ్డున ఉన్నాం గనక 100కి దగ్గరగా చూపించాలి. అలాగే ఉంచి జంక్షన్ బాక్సు మీద హెయిర్ డ్రయ్యర్‌తో రెండు నిమిషాలు వేడిగాలి కొట్టు. అంకె కిందికి దిగితే అతుకు తప్పు, విప్పెయ్యి.

ఆదివారం తొమ్మిదికల్లా అనకాపల్లి నుంచి వచ్చేస్తాను. చేయి పెట్టను, స్టూలు మీద కూర్చుంటాను. హెయిర్ డ్రయ్యర్ నువ్వే తెచ్చుకో, మా ఇంట్లో లేదు.

మీ మావయ్య